పెద్దల గదిలో నల్లుల బెడద: కావలసింది విషం కాదు, విచక్షణ

వయసు మళ్ళేకొద్దీ మనిషి ప్రపంచం కుదించుకుపోతుంది. ఒకప్పుడు ఊరంతా తిరిగిన కాళ్ళు వీధి చివరి మస్జిదు దాకా వెళ్ళడానికే ఆయాసపడతాయి. చివరికి ఒక మంచం, దాని పక్కన మందుల డబ్బా, మంచినీళ్ళ చెంబు, మడిచి పెట్టిన జానిమాజ్, ఇదే వారి లోకమవుతుంది. మోకాళ్ళు సహకరించక ఆ మంచం మీదే కూర్చొని నమాజు చేసుకునే పెద్దలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. ఆ మంచంలో నల్లులు చేరితే, ఆ గది మూలల్లో బొద్దింకలు కాపురం పెడితే, రాత్రివేళ పాదాల దగ్గర ఎలుకలు తిరుగుతుంటే వారు ఎక్కడికి వెళ్ళగలరు? పడుచువారికి ఇది చిరాకు కలిగించే విషయం మాత్రమే. పెద్దలకు నిద్రను, ఆరోగ్యాన్ని, గౌరవాన్ని, కొన్నిసార్లు ప్రాణాన్నే హరించే సమస్య.

ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలలో ఈ సమస్య మరింత జటిలం. పాత బస్తీలలో ఒకే గోడను పంచుకునే పోర్షన్లు, గాలీ వెలుతురూ అంతగా రాని గదులు, తెరిచి ఉన్న మోరీలు, దశాబ్దాల నాటి చెక్క సామాను, ఏళ్ళ తరబడి విప్పని ట్రంకు పెట్టెలు, ఇవన్నీ పురుగులకు అనుకూలమైన స్థావరాలు. పేదల కోసం ప్రభుత్వాలు నిర్మించిన బహుళ అంతస్తుల గృహ సముదాయాలలోనూ గోడకు గోడ, గొట్టానికి గొట్టం కలిసే ఉంటాయి. కనుక ఇది ఒక ఇంటితో మొదలై ఒక ఇంటితో ముగిసే సమస్య కాదు.

ఒక భవనం నేర్పిన పాఠం

అమెరికాలో తక్కువ ఆదాయం గల వృద్ధుల కోసం ప్రత్యేక నివాస భవనాలను నిర్మించే పథకం 1959లో ఆరంభమైంది. అటువంటి నివాసాలలో పురుగుల సమస్యను శాస్త్రవేత్తలు చాలా కాలంగా పరిశీలిస్తున్నారు. ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపొలిస్‌లో 223 ఫ్లాట్లు గల ఒక ఎత్తైన భవనంపై పర్డ్యూ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్తలు జరిపిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. ఆ భవనంలోని నివాసులు తక్కువ ఆదాయం గల వృద్ధులు, వికలాంగులు. అక్కడ మొదటిసారి నల్లులు కనిపించిన నాటి నుంచి 41 నెలలు గడిచేసరికి 101 ఫ్లాట్లు వాటి బారిన పడ్డాయి. అంటే దాదాపు సగం భవనం.

అంతకంటే ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. నల్లులు ఉన్న ఫ్లాట్లలో నివసిస్తున్నవారిలో సుమారు సగం మందికి తమ గదిలో నల్లులు ఉన్నాయన్న సంగతే తెలియదు. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగింది కాదు. నల్లి కుట్టినప్పుడు దద్దురు రావడం, దురద పుట్టడం శరీరం చూపే ప్రతిచర్య. ఆ ప్రతిచర్య అందరిలో ఒకేలా ఉండదు. వృద్ధులలో అది అసలు కనిపించనివారు ఎక్కువ. దానికి తోడు చూపు మందగిస్తుంది. పరుపు ఎత్తి చూసే శక్తి ఉండదు. ఫలితంగా నెలల తరబడి నల్లులు నిశ్శబ్దంగా పెరుగుతూ, తలుపుల కింది సందుల గుండా వసారాలలోకి, అక్కడి నుంచి పక్క గదులకు పాకిపోతాయి.

ఈ అనుభవాల నేపథ్యంలో అమెరికా గృహనిర్మాణ శాఖ 2012లో తన సహాయం పొందే భవనాల యజమానులకు కొన్ని సూచనలు జారీ చేసింది. నల్లుల గురించి నివాసి ఫిర్యాదు చేస్తే 24 గంటలలోగా అతన్ని సంప్రదించాలి. వీలైనంత వరకు మూడు రోజులలోగా గదిని తనిఖీ చేయించాలి. నివారణ ఖర్చును నివాసిపై మోపరాదు. గతంలో నల్లుల సమస్య ఎదుర్కొన్నాడన్న కారణంతో ఎవరికీ ఇల్లు నిరాకరించరాదు. ఈ సూచనల వెనుక ఉన్న విజ్ఞత గమనించదగినది. చెబితే శిక్ష పడుతుందన్న భయం ఉన్నంత కాలం ఎవరూ చెప్పరు. ఎవరూ చెప్పనంత కాలం పురుగులు పెరుగుతూనే ఉంటాయి.

మన దగ్గర జరుగుతున్నదీ అదే. ఇల్లు గలవారు ఖాళీ చేయమంటారేమోనని అద్దెకున్న ముసలమ్మ నోరు మెదపదు. కోడలికి మాట వస్తుందేమోనని అత్తగారు చెప్పదు. దూరదేశంలో కష్టపడుతున్న కొడుకు మనసు కలత చెందుతుందని తండ్రి దాచిపెడతాడు. నల్లులున్న ఇల్లంటే మురికి ఇల్లన్న అపోహ ఈ మౌనానికి మూలం. నల్లికి కావలసింది మురికి కాదు, మనిషి రక్తం. అది ప్రయాణపు పెట్టెలో, పాత సామాను దుకాణంలో కొన్న మంచంలో, ఆసుపత్రి నుంచి తెచ్చిన దుప్పటిలో, గల్ఫ్‌లోని కార్మికుల గదుల నుంచి వచ్చిన సామానులో, ఎలాగైనా రావచ్చు. పరిశుభ్రమైన ఇంటికీ వస్తుంది. కనుక ముందుగా తొలగించవలసింది సిగ్గు.

నల్లిని గుర్తించడం, తొలగించడం

ఎదిగిన నల్లి సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు, ఎర్రటి గోధుమ రంగు, చదునైన శరీరంతో ఉంటుంది. దాని గుడ్డు 1 మిల్లీమీటరు పరిమాణంలో, తెల్లగా, సందుల్లో అతుక్కొని ఉంటుంది. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల ఐదు దశలు దాటి పెద్దదవుతుంది. ప్రతి దశలోనూ దానికి ఒకసారైనా రక్తం కావాలి. ఆహారం లేకుండా నెలల తరబడి బ్రతకగలదు. కాబట్టి కొన్ని రోజులు గదికి తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్ళి వస్తే నల్లులు చస్తాయనుకోవడం భ్రమ. పైగా వెంట తీసుకువెళ్ళిన బట్టలతో అవి ఆ ఇంటికీ చేరతాయి.

నల్లి వల్ల ఒకరి నుంచి మరొకరికి వ్యాధులు సోకుతాయనడానికి ఆధారాలు లేవు. అయితే నిద్రలేమి, గోకడం వల్ల పుండ్లు, అవి చీము పట్టడం, మనోవ్యాకులత, ఇవన్నీ వృద్ధులను కుంగదీస్తాయి. మధుమేహం ఉన్నవారికి చిన్న పుండు కూడా పెద్ద ప్రమాదమే.

వారానికి ఒకసారి టార్చిలైటు తీసుకొని పెద్దల మంచాన్ని ఇంటిలోని పడుచువారు పరిశీలించాలి. పరుపు అంచుల కుట్లు, దిండు గలీబుల మడతలు, నవారు పట్టీల అల్లిక, మంచం కోళ్ళు పట్టెలలో దిగే చోట్లు, గోడకున్న పగుళ్ళు, తగిలించిన పటాలు, క్యాలెండర్ల వెనుక భాగాలు, చక్రాల కుర్చీ, చేతికర్ర పిడి, ఇవన్నీ చూడాలి. సిరా చుక్కల వంటి నల్లని మచ్చలు, దుప్పటిపై చిన్న రక్తపు మరకలు, ఎండిన పొరలు కనిపిస్తే నల్లులు ఉన్నట్టే.

నివారణలో మొదటి ఆయుధం వేడి. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి నల్లీ, దాని గుడ్డూ రెండూ చనిపోతాయి. మన పెద్దలు నులక మంచాన్ని ఆరుబయట వేసి మరుగుతున్న నీళ్ళు పోసేవారు. అది శాస్త్రసమ్మతమైన పద్ధతే. కానీ ఎండలో ఊరకే పడేస్తే మాత్రం నల్లులు నీడ ఉన్న సందులోకి జరిగి తప్పించుకుంటాయి. దుప్పట్లు, గలీబులు, బట్టలను గదిలోనే సంచిలో మూటగట్టి బయటకు తేవాలి. విప్పిన బట్టలను చేతులమీద వేసుకొని ఇల్లంతా తిరిగితే నల్లులను మనమే పంచిపెట్టినట్టవుతుంది. వాటిని 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, ఆరిన తరువాత శుభ్రమైన వేరే సంచిలో ఉంచాలి. మరిగే నీళ్ళను మోసే పని పెద్దలకు ఎన్నడూ అప్పగించరాదు.

రెండవది మంచాన్ని ఒక దీవిలా మార్చడం. మంచాన్ని గోడకు జానెడు దూరం జరపాలి. దుప్పటి అంచు నేలను తాకకూడదు. మంచం కోళ్ళ కింద సబ్బునీళ్ళు పోసిన గిన్నెలు పెట్టాలి. విదేశాలలో ఇందుకోసం నున్నటి ప్లాస్టిక్ పళ్ళాలు అమ్ముతారు. అక్కడి నల్లి వాటి గోడలను ఎక్కలేదు. మన ఉష్ణ ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే నల్లి జాతి నున్నటి గోడలను కూడా ఎక్కగలదని పరిశోధనలు తేల్చాయి. అందువల్ల మనకు పొడి పళ్ళెం చాలదు, నీళ్ళ గిన్నెలే నమ్మదగినవి. దోమలు గుడ్లు పెట్టకుండా ఆ నీటిని రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. పెద్దలు రాత్రి లేచినప్పుడు కాలు తగలకుండా గిన్నెలు మంచం హద్దు దాటి బయటకు రాకుండా చూడాలి.

మూడవది సందులను మూయడం. గోడ పగుళ్ళు, తలుపు చట్రాల అంచులు, ఇనుప మంచం గొట్టాల రంధ్రాలు, ఇవన్నీ పుట్టీతోనో, సిమెంటుతోనో పూడ్చాలి. నాలుగవది ఓర్పు. ఒక్కసారి శుభ్రం చేస్తే సరిపోదు. మిగిలిన గుడ్లు పిల్లలవుతాయి గనుక రెండు వారాల తరువాత మళ్ళీ అదే పని చేయాలి. ఆ తరువాత కనీసం రెండు నెలలపాటు ప్రతి వారం తనిఖీ కొనసాగాలి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీ వాడకంతో అనేక దేశాలలో నల్లులు దాదాపు కనుమరుగయ్యాయి. కానీ కొన్నేళ్ళకే అవి ఆ మందును తట్టుకోవడం నేర్చాయి. నేడు దుకాణాలలో దొరికే చాలా పిచికారీ మందులను కూడా అవి తట్టుకుంటున్నాయి. గదిలో పొగలా వ్యాపించే డబ్బా మందులు నల్లులపై ఏమాత్రం పనిచేయడం లేదని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో నిరూపించారు. సందులో దాగిన నల్లిని ఆ పొగ చేరదు. ఆ గదిలో పడుకునే మనిషి ఊపిరితిత్తులను మాత్రం చేరుతుంది.

బొద్దింక: నీరే దాని ప్రాణం

ఇళ్ళలో రెండు రకాల బొద్దింకలు ఎక్కువగా కనిపిస్తాయి. మోరీలు, మరుగుదొడ్ల గొట్టాల నుంచి వచ్చే పెద్ద ఎర్రటి బొద్దింక ఒకటి. వంటగది అలమరలలో, ఫ్రిజ్ వెనుక, గ్యాస్ పొయ్యి కింద గుంపులుగా ఉండే చిన్న బొద్దింక రెండవది. ఈ రెండవదే మొండిది. దాని ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి. అవి పొదిగేవరకు తల్లి బొద్దింక ఆ సంచిని మోస్తూనే తిరుగుతుంది. అందుకే పైపైన పిచికారీ చేసి కొన్నింటిని చంపితే, కొద్ది వారాలకే మళ్ళీ అంతే సంఖ్యలో ప్రత్యక్షమవుతాయి.

బొద్దింకల రెట్ట, రాలిన పొరలు ఎండి పొడిగా మారి గాలిలో కలుస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇవి విషతుల్యం. పెద్దల గదిలో రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు పెరుగుతుంటే మందు మోతాదు పెంచే ముందు ఒకసారి అలమర వెనుక చూడడం మంచిది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, పోర్ట్స్‌మత్ నగరంలో పేదల ప్రభుత్వ గృహాలలో జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. కొన్ని ఇళ్ళలో నెలకొకసారి గోడల అంచున మందు చల్లారు. మరికొన్ని ఇళ్ళలో శుభ్రత, ఎర మందు కలిపి వాడారు. మందు చల్లిన ఇళ్ళలో బొద్దింకల సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు. రెండవ పద్ధతి పాటించిన ఇళ్ళలో నాలుగవ నెలకల్లా ఒక్కో ఇంటిలో సగటున దాదాపు 25గా ఉన్న బొద్దింకల లెక్క 4కు పడిపోయింది. రెండవ పద్ధతికి మొదట్లో ఖర్చు ఎక్కువైనా, ఫలితం దానిదే.

మనమూ ఇదే మార్గం అనుసరించవచ్చు. జెల్ రూపంలో దొరికే ఎర మందును అలమర మూలల్లో, తలుపు బందుల దగ్గర, పొయ్యి వెనుక చిన్న చిన్న చుక్కలుగా పెట్టాలి. ఎర పెట్టిన చోట పిచికారీ చేయరాదు. ఆ వాసనకు బొద్దింక ఎరను ముట్టదు. ఆహారం లేకుండా కొన్ని వారాలు బ్రతికే ఈ పురుగు నీరు లేకుండా అన్నాళ్ళు నిలవలేదు. కనుక కారే కుళాయిని బాగు చేయించడం, రాత్రి సింకును తుడిచి ఆరబెట్టడం, వుజూ చేసే చోట నీరు నిలువకుండా చూడడం సగం వైద్యం. మోరీ రంధ్రానికి సన్నటి జాలీ బిగించాలి. పెద్దల మంచం పక్కన బిస్కెట్ల పొట్లం, ఖర్జూరాలు ఉంచవలసి వస్తే మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బాలోనే ఉంచాలి. ఆ మూత వారి చేతులతో తీయగలిగేదిగానూ ఉండాలి. రమజానులో సహరీ, ఇఫ్తార్ వేళల గిన్నెలు తెల్లవారేదాకా అలాగే పడి ఉండకుండా జాగ్రత్తపడాలి.

ఎలుక: నిద్రలో పొంచి ఉన్న ముప్పు

మధుమేహం ఏళ్ళ తరబడి ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. నేలపై పడుకున్న అలాంటి వృద్ధుల పాదాలను రాత్రివేళ ఎలుకలు కొరికినా వారికి నొప్పి తెలియదు. తెల్లవారి పక్కపై రక్తం చూసి గాని ఆ సంగతి బయటపడదు. ఇటువంటి ఉదంతాలను మన దేశంలోని వైద్యులు వైద్య పత్రికలలో నమోదు చేశారు. ఆ పుండు ముదిరి వేలినో, పాదాన్నో తొలగించవలసిన స్థితి రావచ్చు.

కనుక ఎలుకల సంచారం ఉన్న ఇంటిలో మధుమేహం ఉన్న పెద్దలను నేలపై పడుకోనివ్వరాదు. మంచం, దానిపై దోమతెర, ఆ తెర అంచులు పరుపు కిందికి మడవడం, ఇంతమాత్రమే ఒక పాదాన్ని కాపాడగలదు. పాదాలకు పూసిన నూనె, భోజనం తరువాత చేతులకంటిన వాసన ఎలుకను ఆకర్షిస్తాయి. కాబట్టి పడుకునే ముందు చేతులు, పాదాలు కడిగి తుడవాలి. ఉదయం లేవగానే పాదాలను ఇంటివారెవరైనా పరీక్షించాలి. ఎలుక కరిచినట్టు తెలిస్తే సబ్బుతో, పారే నీటితో బాగా కడిగి, అదే రోజు వైద్యునికి చూపించాలి. పసుపు అద్ది ఊరుకోవడం తగదు.

ఎలుక మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది. వర్షాకాలంలో మోరీ నీరు ఇంటిలోకి వచ్చే బస్తీలలో దీని ప్రమాదం ఎక్కువ. కాళ్ళకు పగుళ్ళున్నవారు ఆ నీటిలో నడవరాదు.

చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు, అంటే పెన్సిలు దూరేంత రంధ్రం చాలు. తలుపు కింద రేకు పట్టీ బిగించడం, గొట్టాల చుట్టూ ఉన్న ఖాళీలను స్టీలు పీచు కుక్కి సిమెంటు చేయడం, కిటికీలకు ఇనుప జాలీ వేయడం, ఇవే శాశ్వత పరిష్కారాలు. ఆ తరువాతే బోను. సందులు మూయకుండా ఎన్ని ఎలుకలను పట్టినా కొత్తవి వస్తూనే ఉంటాయి.

రాత్రి పడుకునే ముందు పాత్రలపై మూతలు పెట్టమనీ, దీపాలు ఆర్పమనీ, ఎలుక దీపపు వత్తిని లాగి ఇంటివారిని అగ్నికి ఆహుతి చేయవచ్చుననీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. నేడు వత్తి దీపాలు తగ్గినా, ఎలుకలు కొరికిన విద్యుత్తు తీగలు నిప్పు పుట్టించే ప్రమాదం అలాగే ఉంది. పెద్దల మంచం కింద పాకిన తీగలను తప్పక సరిచూడాలి.

మందు పేరుతో మృత్యువు

ఈ వ్యాసంలో పాఠకులు తప్పక గుర్తుంచుకోవలసిన భాగమిది. పురుగులు మనుషులను చంపిన సందర్భాల కంటే, పురుగులను చంపడానికి తెచ్చిన విషం మనుషులను చంపిన సందర్భాలే మన చుట్టూ ఎక్కువ.

ధాన్యం నిల్వలలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కొందరు నల్లులు, ఎలుకల కోసం ఇళ్ళలో పెడుతున్నారు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఆ మాత్ర నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. దీనికి విరుగుడు లేదు. గోడ పగుళ్ళు, గొట్టాల సందుల గుండా ఆ వాయువు పక్క ఇంటిలోకి వ్యాపించి, ఏ పాపం ఎరుగని పసివారు, వృద్ధులు నిద్రలోనే అస్వస్థులై మరణించిన ఘటనలు మన నగరాలలోనూ, గల్ఫ్ దేశాలలోని ఫ్లాట్లలోనూ జరిగాయి. ఈ మాత్రలను సామాన్యులకు అమ్మడాన్ని మన దేశంలో నిబంధనలు అనుమతించవు. ఎవరైనా చాటుగా అమ్మినా కొనకూడదు. వెల్లుల్లి లేదా కుళ్ళిన చేపల వంటి వాసన, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, తల తిరగడం ఒకేసారి ఇంటిలో పలువురికి కలిగితే తిన్నది పడలేదని సరిపెట్టుకోకూడదు. వెంటనే అందరినీ ఆరుబయటకు చేర్చి 108కి ఫోను చేయాలి. పక్క ఇంటివారినీ లేపాలి.

ఎలుకల కోసం అమ్మే పసుపు భాస్వరం ముద్ద మరొక ఘోరవిషం. దీనికీ విరుగుడు లేదు. కాలేయాన్ని నాశనం చేస్తుంది. మతిమరుపు ఉన్న పెద్దలు దాన్ని పళ్ళపొడి ముద్ద అనుకొనో, ఎర కోసం పూసిన రొట్టెను తినుబండారమనుకొనో నోట పెట్టుకునే ప్రమాదముంది. కలరా ఉండలను మిఠాయి అనుకోవడమూ అంతే. జ్ఞాపకశక్తి తగ్గినవారున్న ఇంటిలో ఈ వస్తువులకు చోటు ఉండరాదు.

ఒకప్పుడు నల్లులపై విరివిగా చల్లిన డైక్లోర్వాస్ మందును మన ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. పాత సీసాలు అటకలపై మిగిలి ఉంటే వాడరాదు. పంటల మందులను పరుపులపై చల్లడం, కిరోసిన్‌తో మంచం తుడవడం, పేరు చీటీ లేని పొడులను సంతలో కొని పక్క కింద చల్లడం, ఇవన్నీ ఆపదను ఆహ్వానించడమే.

మందు తప్పనిసరి అయినప్పుడు లైసెన్సు గల నివారణ సంస్థనే పిలవాలి. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద ఇటువంటి సంస్థలకు లైసెన్సు తప్పనిసరి. మూడు ప్రశ్నలు అడగాలి: ఏ మందు వాడుతున్నారు? ఇంటిలో ఉబ్బసం రోగి, గుండె రోగి ఉంటే అది తగునా? ఎన్ని గంటల తరువాత గదిలోకి రావచ్చు? డబ్బాపై ఉండే రంగు గుర్తును చూడడం కూడా నేర్చుకోవాలి. ఎరుపు అత్యంత విషపూరితమైనది. తరువాతి స్థానాలు వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. మందు చల్లే రోజు పెద్దలను, వారి మందుల డబ్బాను, మంచినీటి పాత్రను, జానిమాజ్‌ను ముందుగానే మరో చోటికి చేర్చాలి. తిరిగి వచ్చే ముందు తలుపులు, కిటికీలు తెరిచి గది బాగా ఆరనివ్వాలి.

తనకు తాను హాని చేసుకోవడం, ఇతరులకు హాని కలిగించడం రెండూ తగవన్నది మన ధర్మశాస్త్రంలోని మౌలిక సూత్రాలలో ఒకటి. నా ఇంటి నల్లి కోసం పొరుగువాని శ్వాసలో విషం కలిపే హక్కు నాకు లేదు.

మనసు నొప్పించకుండా

నల్లులున్నాయని తెలియగానే పెద్దల పాత పెట్టెలు, పరుపులు అడగకుండా బయట పారవేసే ఇళ్ళున్నాయి. ఆ పెట్టెలో నలభై ఏళ్ళ క్రితం పోయిన భర్త టోపీ ఉండవచ్చు. నికాహ్ నాటి దుపట్టా ఉండవచ్చు. మనకు అది చెత్త, వారికి అది జీవితం. వస్తువులను పారవేయకుండా సంచిలో కట్టి, వేడినీటిలో ఉతికి తిరిగి ఇవ్వవచ్చు. కడగడానికి వీలులేని కాగితాలు, పుస్తకాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, శుభ్రమైన సంచిలో గట్టిగా మూసి నెలల తరబడి విడిగా ఉంచవచ్చు. ఏది ఉంచాలో, ఏది వదలాలో వారినే అడగాలి. తల్లిదండ్రుల ముందు విసుగుతో చిన్న మాటైనా పలుకవద్దని బనీ ఇస్రాయీల్ సూరా మనకు బోధిస్తోంది. ముఖం చిట్లించి, ముక్కు మూసుకొని వారి పక్క దులపడం కూడా ఆ విసుగులో భాగమే కదా!

కొందరు పెద్దలను మరొక చింత వేధిస్తుంది. బట్టలపై నల్లి రక్తపు మరక ఉంటే నమాజు చెల్లుతుందా అని వారు పదే పదే బట్టలు మారుస్తారు. చలిలో స్నానాలు చేస్తారు. కొందరు నమాజు వాయిదా వేస్తారు. నల్లి, దోమ వంటి వాటి రక్తాన్ని హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాలు అశుద్ధంగా లెక్కించవు. ఈ సంగతి వారికి మృదువుగా తెలియజెప్పాలి. సందేహం తీరకపోతే మస్జిదు ఇమాము గారితో ఒక మాట చెప్పిస్తే వారి మనసు కుదుటపడుతుంది.

ఇల్లు ఒక్కటే చాలదు

ఇండియానాపొలిస్ భవనం నేర్పిన పాఠం ఇదే: ఒక గదిని శుభ్రం చేసి పక్క గదిని వదిలేస్తే శ్రమ వృథా. ఒక పోర్షన్‌లో నల్లులు కనిపిస్తే దాని పైన, కింద, ఇరుపక్కల ఉన్న ఇళ్ళను కూడా అదే వారంలో తనిఖీ చేయాలి. రెండు పడక గదుల సముదాయాలలో, అపార్టుమెంట్లలో నివాసుల సంఘాలు దీన్ని ఉమ్మడి బాధ్యతగా స్వీకరించి, ఖర్చును ఉమ్మడిగా భరించాలి. మొదట చెప్పినవారిని దోషిగా చూడక, మేలు చేసినవారిగా చూడాలి.

బస్తీలో ఒంటరిగా ఉన్న వితంతువులు, సంతానం లేని వృద్ధులు మంచం జరపలేరు, నీళ్ళు కాచి మోయలేరు, సందులు పూడ్చలేరు. మస్జిదు కమిటీలు, మొహల్లా యువకులు నెలకు ఒక ఆదివారం ఇందుకు కేటాయిస్తే ఎన్నో గదులు బాగుపడతాయి. ఒక బస్తా సిమెంటు, నాలుగు గజాల జాలీ, జిప్పు ఉన్న పరుపు తొడుగు, ఒక దోమతెర, వీటికయ్యే ఖర్చు కూడా సదఖాయే. స్త్రీలున్న ఇళ్ళకు ఆడపడుచులే బృందంగా వెళ్ళడం ఉచితం.

చట్టం కూడా పెద్దల పక్షాన ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం పోషణ అంటే తిండి, బట్ట మాత్రమే కాదు. నివాసం, వైద్యం కూడా అందులో భాగమే. నిరుపేద వృద్ధుల కోసం ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి వసతి కల్పించే వృద్ధాశ్రమం ఉండాలని కూడా ఆ చట్టం పేర్కొంది. ఆదరణ కరవైన పెద్దల సమస్యలపై 14567 నంబరు గల జాతీయ సహాయ కేంద్రానికి ఉచితంగా ఫోను చేయవచ్చు. వృద్ధాశ్రమంలో బంధువులున్నవారు పలకరింపుకు వెళ్ళినప్పుడు పండ్లతో పాటు ఒక టార్చిలైటు కూడా తీసుకువెళ్ళి వారి పరుపు అంచులను చూసి రావడం మంచిది.

పెద్దలు మనల్ని పెంచిన రోజులలో రాత్రంతా మేలుకొని మన ఒంటిపై వాలిన దోమను తోలారు. ఈనాడు వారు హాయిగా నిద్రపోవడానికి వారంలో ఒక గంట వారి మంచం పక్కన మోకాళ్ళపై కూర్చొని సందులు వెతకడం పెద్ద సేవేమీ కాదు, తీర్చవలసిన బాకీలో చిన్న భాగం మాత్రమే. ఈ వారమే మీ ఇంటిలోని పెద్దల పరుపును ఒకసారి ఎత్తి చూడండి. ఏమీ కనిపించకపోతే అల్‌హందులిల్లాహ్ అనుకోండి. ఏదైనా కనిపిస్తే కంగారుపడి విషం కోసం పరుగెత్తకండి. పొయ్యిమీద నీళ్ళు పెట్టి, పొరుగువారి తలుపు తట్టండి.